ఒలెగారియో పూర్తి చేయని కోటు

రియో నగరంలో మా అందరాయీ పేట వీధుల్లో ఒలెగారియో కుట్టిన ప్యాంటు తొడుక్కోకుండా పెళ్ళిపీట దాకా వెళ్ళిన మగవాడు లేడు. అతని నోటి దెబ్బ తినకుండా ఆ ప్యాంటు ఇంటికి తెచ్చుకున్నవాడూ లేడు. కొలతలు తీసుకుంటూనే మొదలుపెట్టేవాడు. "పొట్ట లోపలికి లాక్కోకు. నేను కుట్టేది నీకు, నువ్వనుకుంటున్న మనిషికి కాదు," అనేవాడు. మనిషి పొట్టి, నల్లగా ఉంటాడు, చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో మిగిలినవి అతనూ, కూతురు జందీరా, కాలితో తొక్కే కుట్టుమిషనూ.

జందీరాకి కాజాలు కుట్టడం తండ్రి నేర్పలేదు. తల్లి పోయిన ఏడు, ఏడవడానికి ఓపిక లేక తండ్రి పక్కన కూర్చుని తనే నేర్చుకుంది. ఆ కాజాల కోసం రియో నడిబొడ్డున ఉన్న పెద్ద దుకాణాలవాళ్ళు కూడా కోట్లు పంపేవాళ్ళు. తండ్రి కత్తిరించేవాడు, కూతురు ముగించేది. రోజంతా ఇద్దరూ ఒకే కిటికీ వెలుతురులో కూర్చునేవాళ్ళు, మాటలు మాత్రం తక్కువ. ఆమె దారాన్ని పళ్ళతో కొరికేది. అతను "కత్తెర దేనికుంది?" అని విసుక్కునేవాడు. రోజూ ఇదే. ఆ మాట అనడానికి మనిషి లేని రోజు వస్తుందని తలుచుకుంటే అతని సుద్దగీత వంకరపోయేది. ఈ సంగతి అతను చచ్చినా ఎవరికీ చెప్పడు.

ఆ రోజుని తీసుకొచ్చే మనిషి ట్రాము నడిపేవాడు. పేరు వాల్దెమార్. వీధి మలుపు తిరిగినప్పుడల్లా అవసరం లేకపోయినా గంట కొట్టేవాడు, జందీరా సూది ఆపి తలెత్తేది. మొదటిసారి పిల్లనడగడానికి వచ్చినప్పుడు ఒలెగారియో "నీకు ఇల్లు లేదు" అన్నాడు. ఇల్లు చూసుకుని మళ్ళీ వచ్చాడు. "పట్టాల మీద నడిపేవాడివి, పక్కకి తిరగడం తెలీదు నీకు," అన్నాడు. మూడోసారి వస్తే "మా పిల్ల మొండిది నాయనా, నీ మంచికే చెబుతున్నాను," అన్నాడు. అన్నీ అడ్డుపుల్లలే. లేచిపోదామంటే జందీరా ఒప్పుకోదు. "మా నాన్న చెయ్యి పట్టుకునే గుళ్ళోకి వస్తాను. ఆయన తీసుకురాకపోతే రాను," అని తేల్చి చెప్పింది.

అలా సాగుతుండగా, 1950లో, ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు పోటీ మా బ్రెజిల్ దేశానికే వచ్చింది. దాని కోసం మా వీధుల చివరే మరకనా స్టేడియం కట్టారు. దాని సిమెంటు దుమ్ము రెండేళ్ళపాటు ఒలెగారియో నల్ల బట్టలన్నిటి మీదా పడింది. రోజూ దులుపుకుంటూ, తిట్టుకుంటూ కుట్టాడు.

మా వీధి కోర్టు ఎలిసేయో మంగలి దుకాణం. ఎలిసేయోది పక్క దేశం ఉరుగ్వే. కుర్రతనంలో వచ్చి ఇక్కడే ముసలివాడైపోయాడు. ఒక శనివారం ఒలెగారియో అక్కడ మొహానికి సబ్బు రాయించుకుని కూర్చుంటే, వెనక బెంచీ మీంచి ఎవరో కదిపారు.

"ఒలెగారియో, పిల్లకి పెళ్ళి చేస్తావా, కాజాలే కుట్టిస్తావా?"

వెనక బెంచీలో వాల్దెమార్ కూడా ఉన్నాడు. నలుగురూ నవ్వారు. ఒలెగారియోకి అరికాలి మంట నెత్తికెక్కింది. "వినండిరా. మనవాళ్ళు ఈ కప్పు గెలిచిన రోజు సాయంత్రమే నా చేత్తో నేనే పిల్లని గుడికి తీసుకెళ్ళి అప్పగిస్తాను. ఇదే నా మాట."

లోపల నవ్వుకున్నాడు. మొదటి ప్రపంచ కప్పు నుంచీ మనవాళ్ళు వెళుతూనే ఉన్నారు, ఉత్త చేతులతో వస్తూనే ఉన్నారు. ఈ మాట మీద ఇంకో నాలుగేళ్ళు నిశ్చింతగా గడపొచ్చని అతని లెక్క.

ఎలిసేయో కత్తి ఆపాడు. "మాట ఇచ్చేటప్పుడు గొంతు మీద కత్తి ఉందని చూసుకున్నావా? సాక్షిని నేనే సుమా."

వాల్దెమార్ లేచి, తిన్నగా గుడికి పోయి ఫాదర్‌ని కలిసి, ఆఖరి ఆట జరిగే ఆదివారం సాయంత్రం పెళ్ళికి రాయించేశాడు. ఓడిపోతే ఏమిటని ఫాదర్ కూడా అడగలేదట. ఆ ఏడు మా ఊళ్ళో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. స్వీడన్ మీద ఏడు గోల్స్ కొట్టారు మనవాళ్ళు. స్పెయిన్ మీద ఆరు. స్టేడియంలో జనం పాడిన పాట మా ఇళ్ళల్లోకి వినపడింది. గోలు పడ్డప్పుడల్లా వీధిలో అందరికంటే గట్టిగా అరిచింది ఒలెగారియోనే. అరిచి లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, కూతురు వైపు చూసి మిషను దగ్గర కూలబడేవాడు. దేశం గెలుస్తుంటే ఏడవలేడు, పిల్ల వెళ్ళిపోతుంటే నవ్వలేడు. కక్కలేక మింగలేక చచ్చాడు పాపం.

పెళ్ళికొడుకు కోటు మాత్రం తనే కుట్టాడు. కాబోయే అల్లుడి కోటు ఇంకొకడు కుడితే అందరాయీలో తలెత్తుకోగలడా? ముదురు నీలం గుడ్డ. కాలరు, జేబులు, లైనింగు అన్నీ అద్దంలా కుట్టాడు. జందీరా కాజాలు ముగించింది. ఎడమ చెయ్యి ఒక్కటీ కచ్చా కుట్టు మీద ఆపేశాడు. కొలత సరిచూసుకోవడానికి వేసే పొడుగాటి తెల్లదారపు కుట్లు, గట్టిగా లాగితే ఊడిపోతాయి.

"ఈ చెయ్యి ఎప్పుడు కుడతావు నాన్నా?"

"ఆట అయ్యాక."

జందీరా కోటు మడిచి బల్ల మీద పెట్టింది.

ఆదివారం పొద్దున్న పత్రికలు మనవాళ్ళ ఫోటో వేసి ప్రపంచ విజేతలు వీళ్ళేనని రాసేశాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. మిగిలింది ఉరుగ్వేతో ఒక్క ఆట. గెలవక్కర్లేదు, పాయింట్లలో ముందున్నాం కాబట్టి సమానంగా ముగిసినా కప్పు మనదే. వీధిలో బల్లలన్నీ కలిపి పొడుగ్గా వేసి తెల్ల దుప్పట్లు పరిచారు. గెలుపు విందూ అదే, పెళ్ళి విందూ అదే. ఒలెగారియో చెల్లెలు కితేరియా ముందురోజు నుంచే గుండిగలు దించలేదు. నల్లచిక్కుళ్ళూ పంది మాంసమూ ఉడికే వాసన వీధంతా పట్టేసింది.

అంతకుముందు రోజు గడ్డం గీయించుకుంటూ ఒలెగారియో "రేపు మీవాళ్ళకి మావాళ్ళు నున్నగా గీస్తారు," అంటే, ఎలిసేయో "మీరు సబ్బు రాయకముందే గీసేస్తున్నారు. చూద్దాం," అని ఊరుకున్నాడు. ఆదివారం అతను దుకాణం తెరవలేదు. తలుపు వేసుకుని లోపలే ఉన్నాడు.

వాల్దెమార్‌కి కంపెనీ సెలవు ఇవ్వలేదు. జనాన్ని స్టేడియానికి చేర్చి, ఆట అవగానే పెళ్ళికి వస్తానన్నాడు.

ఒలెగారియో రేడియోని కిటికీ గూట్లో పెట్టి వీధిలోకి తిప్పాడు. వీధి జనమంతా దాని చుట్టూ చేరారు. తను మాత్రం లోపల తన కుర్చీలో, ఒళ్ళో నీలం కోటుతో కూర్చున్నాడు. మాకు ఆట రెండుసార్లు వినపడేది. ఇళ్ళ కప్పుల మీదుగా స్టేడియం హోరు ఒకటి, రేడియో ఒకటి.

సగం ఆట దాకా గోలు లేదు. విరామం తర్వాత కాసేపటికే మనవాళ్ళు కొట్టారు. వీధి వీధంతా గాల్లోకి లేచింది. కితేరియా గరిటెతోనే లోపలికి పరిగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, ఇంకా చూస్తావేంటి, ఆ చెయ్యి కుట్టెయ్. పెళ్ళికొడుకు వచ్చే వేళయింది."

ఒలెగారియో సూదిలో దారం ఎక్కించాడు. ముడి వేశాడు. గుడ్డలో గుచ్చబోయి ఆగాడు.

కాసేపటికి ఉరుగ్వేవాళ్ళు ఒకటి కొట్టి సమానం చేశారు. ఫరవాలేదు, సమానమైనా కప్పు మనదేనని ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పుకోవలసి రావడమే కొత్త. పాటలు ఆగిపోయాయి.

అప్పుడు రెండోది పడింది.

రేడియోలో మనిషి "ఉరుగ్వే గోలు" అన్నాడు. తన నోటిని తనే నమ్మనట్టు మళ్ళీ అన్నాడు. పొద్దుటినుంచీ ఇళ్ళ కప్పుల మీదుగా వస్తున్న హోరు తెగిపోయింది. రెండు లక్షల మంది ఉన్నచోట అంత నిశ్శబ్దం ఉంటుందని మాకెవరికీ తెలీదు. బల్ల మీద దుప్పటి గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వినపడింది. ఒక ముసలామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆ క్షణంలో ఒలెగారియోకి హాయిగా ఊపిరాడింది.

నెలరోజులుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచిపోయింది. పెళ్ళి లేదు. రేపు పొద్దున్న ఇదే కిటికీ, ఇదే వెలుతురు, పక్కన జందీరా. పెదవులు వాటంతటవే కదిలాయి. అది నవ్వేనని అతనికి తెలిసేసరికి ఒళ్ళంతా చల్లబడిపోయింది. దేశం దేశమంతా గొంతు తెగినట్టు పడి ఉంటే తను నవ్వాడు. ఈ చెయ్యి కుట్టకుండా ఆపింది కూడా తనే. అంటే నెల్లాళ్ళుగా ఇదే కోరుకుంటున్నాడా? వీధిలో వాళ్ళకి తెలిస్తే రాళ్ళతో కొట్టరూ? కొట్టాలి కూడా అనిపించింది.

తలెత్తి చూస్తే గుమ్మంలో జందీరా, పెళ్ళి గౌనులో. ఎప్పటినుంచి నిలబడి ఉందో తెలీదు. ఆమె రేడియో వైపు చూడటం లేదు. అతను చూపు దించుకున్నాడు.

ఆట ముగిసిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. జనం ఒక్కొక్కరే లేచి ఇళ్ళలోకి పోయారు. ఒకడు తన కుర్చీ తీసుకెళ్ళడం మర్చిపోయి, మళ్ళీ వచ్చి, అదే కుర్చీలో కూలబడి ఏడ్చాడు. కితేరియా పొయ్యిలో నీళ్ళు పోసేసి లోపలికి వచ్చింది.

"పాపం పిల్ల. ఏం చేస్తాం అన్నయ్యా, ఈ పూట పెళ్ళంటే పుట్టెడు దుఃఖంలో ఎవరొస్తారు? నీ మాట కూడా గెలిస్తేనేగా. నిన్ను ఎవరూ తప్పుపట్టరు."

అదే అతన్ని కాల్చింది. నిజమే, ఎవరూ తప్పుపట్టరు. కోరుకున్నది కోరుకున్నట్టు వచ్చి ఒళ్ళో పడింది.

చాలాసేపటికి వాల్దెమార్ వచ్చాడు. ట్రాము బట్టలతోనే ఉన్నాడు, టోపీ చేతిలో ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ట్రాము నిండా జనమే," అన్నాడు ఎవరినీ చూడకుండా. "చివరిదాకా ఒక్కడూ నోరు తెరవలేదు. దిగాల్సినచోట కూడా దిగలేదు. నేనే ఆపి, దిగండయ్యా అని చెప్పాల్సొచ్చింది." తర్వాత ఒలెగారియో వైపు తిరిగాడు. "మీరు అన్నమాట మీకు గుర్తుంది, నాకూ గుర్తుంది. గెలవలేదు. నేను వచ్చింది అడగడానికి కాదు, చెప్పి వెళదామని."

జందీరా గుమ్మంలోంచి కదల్లేదు. తండ్రిని ఒక్క మాట కూడా అడగలేదు. ఆమె అడిగి ఉంటే, ఏడ్చి ఉంటే, అతను ఏదో ఒక వంక చెప్పి ఉండేవాడేమో. ఆ మౌనం ముందు అతని దగ్గర వంకలు లేకపోయాయి.

ఒలెగారియో లేచి నీలం కోటు దులిపాడు. "చెయ్యి చాపు," అన్నాడు.

"ఏమిటండీ?"

"చెయ్యి చాపవయ్యా. కోటు తొడుక్కోవాలంటే చెయ్యి చాపాలని ట్రాము కంపెనీలో నేర్పలేదా?"

కితేరియా నోరు తెరిచింది. "అన్నయ్యా, ఆ చెయ్యి ఇంకా కుట్టనే లేదు."

"ఊడిపోకుండా నిదానంగా నడుస్తాడులే. నా మాటకి నేను యజమానిని. అమ్మాయీ, రా."

పెళ్ళికి సాక్షులు కావాలి. ఒప్పుకున్న ఇద్దరిలో ఒకడు స్టేడియం నుంచి తిరిగే రాలేదు, ఇంకొకడు తలుపు తీయలేదు. ఒలెగారియో రోడ్డు దాటి ఎలిసేయో తలుపు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"నేనేం అనలేదు," అంది లోపలి గొంతు. "అరవలేదు, నవ్వలేదు. రేడియో కూడా పెట్టలేదు. నన్నొదిలేయండి."

"నేను ఒలెగారియోని. తలుపు తియ్యి."

తలుపు కొంచెం తెరుచుకుంది. చీకట్లో ముసలివాడు గడ్డం గీసుకోకుండా నిలబడి ఉన్నాడు. అతనికీ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

"ఎలా తెలిసింది మరి, రేడియో లేకుండా?"

"చప్పుడు ఆగిపోయింది కదా. నా దేశం గెలిచింది ఒలెగారియో. చెప్పుకుని సంతోషించడానికి నాకున్నది మీరే. మీ మొహాలు తలుచుకుంటే సంతోషం ఎక్కడిది?"

ఆ మాట ఒలెగారియోకి సూటిగా తగిలింది. ఉరుగ్వేవాడు నవ్వలేదు. నవ్వింది తను. "కోటు వేసుకో," అన్నాడు. "సాక్షివి కదా నువ్వు. పెళ్ళికి రా."

"నేనా? ఇవాళా? నన్ను చంపుతారు."

"నా పక్కన నడువు. నన్ను దాటి ఎవడొస్తాడో చూస్తాను."

ఎవరూ రాలేదు. అలా నడిచారు గుడికి. తెల్ల గౌనులో కూతురు, ఆమె చెయ్యి పట్టుకుని తండ్రి, వెనక చెయ్యి కదపకుండా పెళ్ళికొడుకు, ఉరుగ్వే మంగలి, కళ్ళు తుడుచుకుంటూ కితేరియా. కిటికీల్లోంచి జనం చూశారు. శవయాత్ర చూస్తున్నట్టు ఒకాయన టోపీ తీశాడు. గుళ్ళో ఫాదర్ వీళ్ళని చూసి మొదట నమ్మలేదు. ప్రార్థన మధ్యలో రెండుసార్లు మర్చిపోతే జందీరాయే అందించింది. ఉంగరం తొడగడానికి వాల్దెమార్ చెయ్యెత్తితే భుజం దగ్గర తెల్లదారాలన్నీ బయటపడ్డాయి. ఒలెగారియో తన పనితనం అలా గుళ్ళో నవ్వులపాలవడం చూస్తూ తలవంచుకుని నిలబడ్డాడు. ఆ శిక్ష తనకి తగినదే అనుకున్నాడు.

విందు గుండిగలు మర్నాడు కుక్కల పాలయ్యాయి.

తర్వాత బతుకు బతుకులాగే నడిచింది. జందీరా రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. పగలు వచ్చి కాజాలు కుట్టి, సాయంత్రం వెళ్ళేది. అంత దానికా తను అంత చేశాడని ఒలెగారియోకి సిగ్గేసేది. పెళ్ళిరోజు మాత్రం ఎప్పుడూ పండగలా చేసుకోలేకపోయారు. ఆ తారీఖున బ్రెజిల్‌లో నవ్వు మొహం పెట్టుకుని తిరిగే ధైర్యం ఎవరికుంది? గుట్టుచప్పుడు కాకుండా తలుపులు వేసుకుని ఇంత కేకు తినేవాళ్ళు. ఎలిసేయో దొడ్డిదారిన ద్రాక్షసారా సీసాతో వచ్చేవాడు. మన ఆటగాళ్ళకి తెల్ల చొక్కా అచ్చిరాలేదని దేశం వాళ్ళ చొక్కా రంగే పసుపుకి మార్చుకుంది. ఓడినందుకు ఎవరెవరినో తిట్టేవాళ్ళు, గోల్‌కీపర్‌ని మరీ అన్యాయంగా తిట్టేవాళ్ళు. ఆ చర్చ వస్తే ఒలెగారియో లేచి బయటికి పోయేవాడు.

కోటు సంగతి మాత్రం వదల్లేదు. "దాన్ని తీసుకురావే, ఆ చెయ్యి కుట్టేస్తాను. నా పరువు పోతోంది," అని ఎన్నిసార్లు అడిగాడో. "ఉండనీ నాన్నా," అనేది జందీరా. అల్లుడు ఆ కోటు మళ్ళీ తొడుక్కోలేదు. అది బీరువాలో అలాగే వేలాడింది.

ఎనిమిదేళ్ళ తర్వాత, స్వీడన్‌లో మనవాళ్ళు కప్పు గెలిచారు. అదీ ఆదివారమే. మా వీధి ఏమైపోయిందో చెప్పడానికి నా వల్ల కాదు. ముసలి ఎలిసేయోని కూడా భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. అతను ఒలెగారియో కిటికీ దగ్గర దించమని చెప్పి, తల లోపలికి పెట్టి అన్నాడు.

"గొంతు మీద కత్తి పెట్టి ఇచ్చిన మాట. ఇవాళ చెల్లింది. సాక్షిని నేనే."

ఒలెగారియో నవ్వాడు. పక్కకి తిరిగితే, జందీరా చేతిలో నీలం కోటు.

"ఇప్పుడు కుట్టు," అంది.

"ఇన్నేళ్ళు అడిగితే ఇవ్వలేదేం?"

"ఆట అయ్యాక కుడతానన్నావుగా."

అతను కోటు ఒళ్ళోకి తీసుకున్నాడు. తెల్లదారాలు పసుపు రంగుకి తిరిగాయి. ఆమె పక్క కుర్చీలో, ఎప్పటి చోటే కూర్చుంది.

"రెండో గోలప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను నాన్నా. నీ మొహమే చూస్తున్నాను."

బయట బాణాసంచా పేలుతోంది. ఒలెగారియోకి ఏమీ వినపడలేదు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, దొరికిపోయిన దొంగలా కూర్చుండిపోయాడు. ఎనిమిదేళ్ళు ఈ పిల్ల రోజూ పక్కన కూర్చుని కాజాలు కుట్టింది. తెలిసే కుట్టింది.

"తెలిసే నా చెయ్యి పట్టుకున్నావా, గుడికి?" అన్నాడు చివరికి.

"తెలిసే పట్టుకున్నాను. దేశమంతా ఏడుస్తుంటే, నేను వెళ్ళిపోనని నవ్వావు నువ్వు. అలా నవ్వినవాడివే లేచి నన్ను తీసుకెళ్ళావు."

అతను సూది అందుకుని దారం ఎక్కించబోయాడు. కంటికి ఆనలేదు. కళ్ళ నిండా నీళ్ళు. జందీరా సూది తీసుకుని, దారం ఎక్కించి, ముడి వేసి, కొసని పళ్ళతో కొరికి చేతికిచ్చింది.

"కత్తెర దేనికుంది?" అన్నాడు ఒలెగారియో.